పిలిస్తేనే వచ్చే పడవ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది నేను, అందరికంటే తక్కువ మాట్లాడేది మా తమ్ముడు. తక్కువ అనడం కూడా మర్యాదకే. నాలుగో ఏడు వస్తున్నా వాడి నోట ఒక్క మాట ఊడిపడలేదు. "వాడి వాటా మాటలు కూడా ఇదే మింగేసింది" అని వీధిలోవాళ్ళు నన్ను చూసి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అందులో నవ్వడానికి ఏముందని? అమ్మ మాత్రం ఆ మాట చెవిన పడితే తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం ఎప్పుడో మానేసింది. వెళితే ఎవరో ఒకరు వాణ్ణి దగ్గరికి పిలిచి "నీ పేరేంట్రా?" అని అడుగుతారు కదా, అదీ ఆవిడ భయం.

మాది గోదావరి పాయల మధ్య ఒక లంక. చుట్టూ నీళ్ళు, నడుమ అరటితోటలు. తొంభైల నాటి మాట ఇది. గెలలు రావులపాలెం మార్కెట్టుకు చేరాలన్నా, ఒంట్లో బాగోలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా రేవులో పడవ ఎక్కాల్సిందే.

మాట లేకపోయినా తమ్ముడికి ఇంట్లో ఏ లోటూ ఉండేది కాదు. కుండ వైపు చూస్తే మా మామ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చేది. ఉట్టి వైపు వేలు చూపిస్తే నేను పీట వేసుకుని బెల్లంముక్క అందించేదాన్ని. మొహం కాస్త ముడిచాడంటే అది ఆకలో, నిద్రో, కడుపునొప్పో అమ్మకు ఇట్టే తెలిసిపోయేది. వాడి వేలు లేస్తే ఇంటిల్లిపాదీ లేచేవాళ్ళం. నోరులేని పిల్లాడు, వాడికి ఏ కష్టమూ రాకూడదని. అంతకంటే ప్రేమగా చూసుకోవడం ఎలాగో మాకు తెలియదు.

రాజమండ్రిలో పిల్లల డాక్టరుగారికి చూపించారు. ఆయన వాడి చెవుల వెనక చిటికెలు వేసి, గంట వాయించి, నోట్లో టార్చిలైటు వేసి చూసి, అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఇంట్లో అందరూ వాడితో ఆడండి, వాణ్ణి మాట్లాడనివ్వండి అన్నారట. మందు రాయకపోయేసరికి మామ్మకు కోపం వచ్చింది. "మాట్లాడక మేమేం మూగనోము పట్టామా?" అని దారి పొడవునా సణుగుతూనే ఉంది.

మా వైపు మాట ఆలస్యమైన పిల్లలకు వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి నాలిక మీద రాస్తారు. రాయాల్సింది ఆవగింజంత. మామ్మ మొదట్లో అంతే రాసింది. మాట రాలేదు. శనగబద్దంత చేసింది. అయినా రాలేదు. ఇక ఆవిడకు మతి పోయింది. ఒకరోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వసకొమ్ము మొత్తం అరగదీసి, ఉగ్గుగిన్నెతో వాడి గొంతులో పోసేసింది. కాసేపటికే పిల్లాడికి వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు తేలేశాడు. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని రేవుకు పరిగెత్తాడు, వెనకాల అమ్మ, ఆ వెనక చెప్పులు కూడా లేకుండా మామ్మ. ఎలాగో బతికి బట్టకట్టాడు. మామ్మ వస అరగదీసిన సానరాయిని తీసుకెళ్ళి గోదాట్లో గిరాటేసింది. మళ్ళీ చాలా రోజులు మనవడిని ముట్టుకోలేదు.

తర్వాత నాన్న వంతు వచ్చింది. రేవులో ఎవరో పెద్దాయన, అడిగితే తప్ప అన్నం పెట్టకండి, ఆకలేస్తే నోరు దానంతటదే వస్తుందని చెప్పాడు. నాన్న కంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వాడు కంచం వైపు వేలు చూపించాడు. నాన్న కదల్లేదు. వాడు నాన్న ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు, ఏం తప్పు చేశానో తెలియనట్టు చూసి చూసి అక్కడే నేలమీద పడుకుని నిద్రపోయాడు. అమ్మ ఏడుస్తూ నిద్రలోనే వాడికి ముద్దలు పెట్టింది. ఆ పూట ఇంట్లో ఇంకెవరం తినలేదు.

అప్పుడే నాన్న ఆ మాట అన్నాడు. దూరాన ఏదో ఊళ్ళో మాటలు రాని పిల్లల హాస్టలు ఉందట, వేసవి అయ్యాక తీసుకెళ్ళి అక్కడ చేర్చేస్తానని. కనీసం బతకడమన్నా నేర్పిస్తారు అన్నాడు. అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది. నాన్న రాయిలా నిలబడ్డాడు గానీ, అటు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో నూతి గట్టున కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి అక్క వచ్చింది. అక్క కొత్తగా కాపురానికొచ్చింది. మా రేవులో పడవ నడిపేది వాళ్ళాయనే.

"వదినా, వాణ్ణి కాసేపు నాకివ్వండి, ఆడిస్తాను."

"ఆటలతో మాటలొస్తాయా అమ్మా? ఈయన వాణ్ణి నాకు దూరం చేస్తే నేను ఆ గోదాట్లో దిగిపోతాను" అంది అమ్మ.

అక్క వసారాలో ఉన్న నులకమంచం ఈడ్చుకెళ్ళి, పెరటి చివర మునగచెట్టు కింద తిరగేసి వేసింది. చేతిలోకి ఒక గెడకర్ర తీసుకుంది. అదీ పడవ. నన్నూ తమ్ముణ్ణీ ఇవతల నూతి దగ్గర నిలబెట్టింది. ఇది మా ఒడ్డు.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. పడవాయన అవతలి ఒడ్డున కునుకు తీస్తుంటాడు. ఇవతల మనిషి కనిపించినంత మాత్రాన పడవ విప్పడు. స్నానానికి వచ్చారో, బట్టలుతకడానికి వచ్చారో, గేదెను కడగడానికి వచ్చారో ఆయనకేం తెలుసు? దాటాల్సినవాళ్ళు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "ఓ... పడవా!" అని కేకెయ్యాలి. ఎంతటి మోతుబరి అయినా కేక వెయ్యకపోతే ఒడ్డునే. తమ్ముడికీ ఆ సంగతి తెలుసు, అమ్మ చంకలో కూర్చుని ఎన్నోసార్లు చూశాడు. కానీ వాడి బదులు ఎప్పుడూ ఎవరో ఒకరు పిలిచేసేవారు.

నేను కేకేశాను. అక్క గెడ వేస్తూ వచ్చినట్టు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. తమ్ముడు ఒడ్డునే ఉండిపోయాడు. వాడు పడవకేసి వేలు చూపించాడు. అక్క నవ్వుతూ వాడి వంకే చూస్తూ ఆగింది. నాకు నోరు దురద, పిలవబోయాను. అక్క నా నోరు మూసింది. వాడు గుక్కపెట్టి ఏడుపు మొదలుపెట్టాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుని, "నీకు దణ్ణం పెడతాను, నా బిడ్డను ఏడిపించకు తల్లీ!" అంది.

అక్క ఏమీ అనుకోలేదు. "అన్నం దగ్గర ఆపితే కడుపు మాడుతుంది వదినా. ఆట దగ్గర ఆగితే ఏం పోతుందండి? ఇప్పుడు ఏడుస్తాడు, రేపు వాడే వస్తాడు. డాక్టరుగారు చెప్పింది ఇదే కదండీ. వాడు అడక్కముందే మీరంతా తెచ్చిచ్చేస్తుంటే, ఇంక వాడికి అడగడం దేనికి?" అంది.

అమ్మ నమ్మిందని చెప్పలేను. మునిగిపోయేవాళ్ళకు గడ్డిపోచ దొరికినట్టు పట్టుకుంది, అంతే. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం మా పెరట్లో రేవు వెలిసేది. మామ్మ కూడా చివరికి మనవడి దగ్గరికొచ్చి, ఖాళీ బుట్ట పెట్టుకుని కూరలమ్మే ముసలమ్మ అయ్యింది. వంకాయలు, దోసకాయలు, చేమదుంపలు అని పేరుపేరునా చెప్పి లేని కూరలు వాడి చేతిలో పెట్టేది. ఇంట్లో కూడా వాడు కుండ వైపు చూస్తే, "నీళ్ళా నాన్నా? నీళ్ళు కావాలా?" అని అడిగి, గ్లాసు పట్టుకుని కాస్త ఆగి, ఆ తర్వాత ఇచ్చేసేవాళ్ళం. ఆ కాస్త ఆగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

తమ్ముడికి ఆ ఆటంటే ప్రాణం అయ్యింది. ఎవరో ఒకరి వెనకాల దూరి పడవెక్కేసేవాడు, కిలకిలా నవ్వేవాడు. మాట మాత్రం లేదు. వేసవి కరిగిపోతోంది. నాన్న మార్కెట్టు నుంచి ఒక రేకుపెట్టె కొనుక్కొచ్చాడు. అమ్మ వాడి చొక్కాలు మడతపెట్టి అందులో సర్దేది, మళ్ళీ తీసేసేది, మళ్ళీ సర్దేది. ఆ పెట్టె మూత చప్పుడు వినబడితే నేను పెరట్లోకి పారిపోయేదాన్ని.

తెల్లారితే ప్రయాణం. ఆ సాయంత్రం అక్క పుట్టింటికి వెళ్ళింది, పడవ నడిపేవాళ్ళు లేరు. తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకుని గుంజుతున్నాడు, అమ్మకు లేచే ఓపిక లేదు. అంతవరకూ ఒక్కరోజూ మా ఆటలోకి రాని నాన్న, ఏమనుకున్నాడో, వెళ్ళి ఆ తిరగేసిన మంచంలో కూర్చున్నాడు. గెడకర్ర చేతిలోకి తీసుకున్నాడు. రేపు వదిలేసి రాబోయే కొడుకు ముఖం చూడలేకనేమో, మాకు వీపు పెట్టి అటు తిరిగిపోయాడు.

తమ్ముడు పరుగున ఒడ్డుకొచ్చి వేలు చూపించాడు. నాన్న చూడలేదు, వీపుకు కళ్ళుండవు కదా. వాడు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. కాలు నేలకేసి కొట్టాడు. మా వంక తిరిగాడు. మామ్మ "ఒరేయ్ అబ్బాయ్..." అని నాన్నను పిలవబోతే అమ్మ ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో కొంగు చివర నోట్లో కుక్కుకుంది. అమ్మ ఒళ్ళంతా ముందుకు ఉరకబోతోంది, అమ్మే దాన్ని వెనక్కి లాగుతోంది.

తమ్ముడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏం రాలేదు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓ..."

నాన్న కదల్లేదు. నేనే పిలిచాననుకుని ఉంటాడు.

"ఓ... పవా!"

నాన్న తిరిగి నా వంక చూశాడు. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన చేతిలోంచి కర్ర జారిపోయింది. అప్పుడు అమ్మ కొంగు నోట్లోంచి తీసి, "మిమ్మల్నేనండీ... పిలుస్తున్నాడు. పడవ తీసుకురండి" అంది. నాన్న లేవలేదు. మోకాళ్ళ మీద పాకుతూ, పసివాడిలా వెక్కివెక్కి ఏడుస్తూ, ఆ నులకమంచాన్ని పెరడంతా ఈడ్చుకొచ్చాడు. పడవ ఆలస్యమైందని మావాడికి కోపమొచ్చి, "పవా!" అని ఇంకోసారి అరిచాడు.

ప్రయాణం ఆగిపోయింది. అలాగని ఒక్క కేకతో వాడు వసపిట్ట అయిపోలేదు. కొన్నాళ్ళు వాడికి నీళ్ళూ పవానే, అన్నమూ పవానే, అమ్మ కూడా పవానే. ఒక్కో మాటా వేరుచేసి అందుకోవడానికి చాలా కాలం పట్టింది. బళ్ళో వాడి మాట విని నవ్వినవాళ్ళున్నారు, వాళ్ళతో నేను జుట్టు పట్టుకుని పోట్లాడిన రోజులూ ఉన్నాయి. ఇప్పటికీ వాడు తక్కువే మాట్లాడతాడు.

ఇప్పుడు మా చిన్నకూతురు ఏదో చెప్పబోయి మాట కోసం తడుముకుంటుంటే, ఆ మాట నా నాలిక చివర సిద్ధంగా ఉంటుంది. నాలాంటి వాగుడుకాయకు అది మింగడం ఎంత కష్టమో! మింగుతాను. అమ్మ మా కోసం పరిగెత్తడం నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను, వాటిలో ఒక్కటీ విడిగా గుర్తులేదు. బిడ్డ కోసం పరిగెత్తకుండా ఆవిడ ఆగడం ఆ ఒక్క సాయంత్రమే చూశాను. ఆ రాత్రి అమ్మ మాకు అన్నం కలిపి పెడుతుంటే ఆవిడ కింది పెదవి పళ్ళగాటు పడి చిట్లి, వాచి ఉంది.