లక్ష్మన్న గొర్రెల చదువు

న్యూజీలాండుకు చదువుకోవడానికి పోతున్నానని లక్ష్మన్న చెప్పిన రోజు అతని తల్లి హనుమంతమ్మ పత్తికొండ దగ్గరి తమ పల్లెలో, ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"ఆడ ఏం సదువుతావప్పా?" అంది.

"గొర్రెల గురించిమ్మా."

ఆమె చేతిలో కదురు ఆగిపోయింది.

"గొర్ల యెనక తిరగొద్దు, సదువుకోపో అని నిన్ను బడికి తోలితి. ఇంత సదువు సదివి, సముద్రం దాటి, మళ్ళా గొర్ల కాడికే పోతాండావా? మనింట్లో లేవా గొర్లు?"

లక్ష్మన్న ముసలితనంలో కూడా ఈ మాట చెప్పుకుని, "మా యమ్మ ఒక్క మాటలో నా డిప్లొమా అంతా చింపి చేతిలో పెట్టింది" అని నవ్వేవాడు.

వాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాచే కురువలు. తండ్రి కలరాతో పోయినప్పుడు లక్ష్మన్నకు ఆరేళ్ళు. నూరు గొర్రెల మందను హనుమంతమ్మే కాచుకుంటూ కొడుకును కర్నూలులో ఇంటర్మీడియెట్ దాకా చదివించింది. హాస్టల్లో తన బట్టలు గొర్రెల వాసన కొడతాయేమోనని లక్ష్మన్న వారానికో సబ్బుబిళ్ళ అరగదీసేవాడు. మీవాళ్ళేం చేస్తారని ఎవరైనా అడిగితే "సేద్యం" అనేవాడు. నాలుగెకరాల రాళ్ళచేను ఉన్న మాట నిజమే. అందులో పైరు కంటే గొర్రెలే ఎక్కువగా కనబడేవి, అంతే.

చదువయ్యాక నందికొట్కూరు పశువుల ఆస్పత్రిలో స్టాక్‌మన్ ఉద్యోగం దొరికింది. డాక్టరు సూది వేసేటప్పుడు ఎద్దును పడగొట్టి పట్టుకోవడం, మందులు కలపడం, తన్నులు తినడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పనులు. అప్పట్లో కర్నూలే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచేవి. అలాంటి ఒక గుడారంలో టైపిస్టుగా ఉన్న సుందరం అనే స్నేహితుడు ఒకరోజు లక్ష్మన్నకు కబురు పెట్టాడు. కొలంబో పథకం కింద న్యూజీలాండులో గొర్రెల పెంపకం, ఉన్ని పని నేర్పుతారట, రెండేళ్ళ డిప్లొమా, ఖర్చులన్నీ వాళ్ళవే.

దరఖాస్తు సుందరమే టైపు చేశాడు.

"ఆటలేం ఆడతావ్?" అని అడిగాడు.

"చిన్నప్పుడు చెడుగుడు."

"ఆ మాట కొడితే దొరలకేం అర్థమవుతాదప్పా? టెన్నిస్ అని పెడతాండా."

"ఆ బ్యాటు నేను కంటితో కూడా చూడలేదు సుందరం!"

"వాళ్ళొచ్చి ఆడిపిచ్చి చూస్తారా ఏమి? గమ్మునుండు. మీ ఇంటివాళ్ళ వృత్తి?"

లక్ష్మన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "భూస్వాములని పెట్టు" అన్నాడు.

గొర్రెల చదువుకు దరఖాస్తు పెడుతూ, గొర్రెలతో పుట్టి పెరిగిన సంగతిని దాచిన మనిషి భూప్రపంచంలో తానొక్కడే అయ్యుంటాడని లక్ష్మన్నకు తర్వాత తెలిసొచ్చింది. "టెన్నిస్ పాపం సుందరానిది. భూస్వామి పాపం మాత్రం అచ్చంగా నాదే" అనేవాడు.

ఇంటర్వ్యూ కూడా గుడారంలోనే జరిగింది. ముగ్గురు అధికారులు కూర్చున్నారు. గొర్రె వయసు ఎట్లా తెలుసుకుంటావని మొదటాయన అడిగాడు. పళ్ళు చూసి చెప్పడం లక్ష్మన్నకు అయిదో ఏటనే వచ్చు. అది చెబితే మోటుగా ఉంటుందని, పుస్తకంలోని ఇంగ్లీషు పేజీ ఒకటి బట్టీ పట్టి పోయాడు. సగంలో అది మరచిపోయి నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే సుడిగాలి లేచి గుడారం తెర ఎగిరింది, బల్ల మీది కాగితాలన్నీ మైదానంలో పడ్డాయి. లక్ష్మన్న ఒక్క ఉరుకున బయటికి పోయి, చెదిరిన మందను మలిపినట్టు, గాలికి ఎదురుగా చుట్టు తిరిగి కాగితాలన్నీ ఏరుకొచ్చాడు.

"చూశారా ఆ కాళ్ళు! టెన్నిస్ ఆడేవాడి కాళ్ళు!" అన్నాడు పెద్ద అధికారి మిగతా ఇద్దరితో.

ఎంపికయ్యాడు. తన తెలివిని చూసే ఎంచుకున్నారని చాలాకాలం నమ్మాడు. ఆ చదువుకు దరఖాస్తు పెట్టింది ఇద్దరేననీ, రెండో ఆయన ఓడ ప్రయాణమనగానే భయపడి మానుకున్నాడనీ సుందరం చెప్పింది తర్వాత ఎప్పుడో.

బయలుదేరేటప్పుడు హనుమంతమ్మ తాను వడికిన ఉన్నితో నేయించిన నల్లకంబళి ఇచ్చింది. "ఆడ సలి శానా అంటాండారు. కప్పుకో నాయనా" అంది. కోటు మీద కంబళి వేసుకుంటే బాగుండదని లక్ష్మన్నకు తెలుసు. తల్లి కళ్ళు చూసి కాదనలేకపోయాడు.

రైలు, ఓడ, మళ్ళీ ఓడ. అంతా కలిపి నెల దాటింది. 1956 ఫిబ్రవరిలో న్యూజీలాండు రేవులో దిగాడు. జంతువులకు సంబంధించిన వస్తువులేమైనా తెచ్చావా అని అక్కడి అధికారి అడిగాడు. "లేవు సార్" అన్నాడు లక్ష్మన్న, భుజాన కంబళి వేలాడుతుండగానే. అధికారి ముందుకు వంగి దాన్ని వాసన చూశాడు. ఇంకేమీ అడగకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని పొగమందు వేసే గదిలోకి పట్టుకుపోయాడు. వారం తర్వాత కంబళి కాలేజీకి వచ్చింది. ఇప్పుడది గొర్రెల వాసనకు బదులు ఆస్పత్రి వాసన కొడుతోంది.

కాలేజీలో ఎటు చూసినా పచ్చిక, పచ్చిక మీద గొర్రెలు. పత్తికొండ మందలన్నీ కలిపినా ఒక్క దొడ్డి నిండదనిపించింది. భోజనంలోనూ అవే. పొద్దున మాంసం, మధ్యాహ్నం మాంసం, రాత్రి మాంసం. ఎందులోనూ కారమనేది లేదు. లక్ష్మన్న పల్లెలో ఏడాది పండగలకు తిన్నదంతా అక్కడ రెండు రోజుల్లో తినేశాడు. పదిరోజులకు కొర్రన్నం, చింతాకు పప్పు కలలోకి రావడం మొదలైంది.

మొదటి శనివారమే టెన్నిస్ సంఘం కార్యదర్శి తలుపు తట్టాడు. "మీ దరఖాస్తు చదివాం. మీకోసమే ఎదురుచూస్తున్నాం" అన్నాడు ఆ విద్యార్థి ఎంతో ఆదరంగా. లక్ష్మన్న కాలు నొప్పన్నాడు. కాలు మూడు వారాలు నొప్పి పుట్టింది. తర్వాత మోచేయి. మోచేతికి డాక్టరును పిలిపిస్తామనేసరికి అది ఒక్కసారిగా నయమైపోయింది, ఇక తప్పించుకునే దారి లేదు.

తెల్ల ప్యాంటు అరువు తెచ్చుకుని గడ్డిమైదానంలో నిలబడ్డాడు. అవతలివాడు బంతి కొట్టాడు. దూసుకొచ్చిన దాన్ని చూసి లక్ష్మన్న బ్యాటు కింద పడేసి, రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నాడు. రెండో బంతిని బలంగా కొట్టాడు. అది కంచె దాటి గొర్రెల్లో పడింది.

"మా దేశంలో నియమాలు కొంచెం వేరు" అన్నాడు లక్ష్మన్న.

అంతటితో పోనిస్తారనుకున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు, పోనివ్వలేదు. ఆ నియమాలేమిటో చెప్పమని చుట్టూ కూర్చున్నారు. లక్ష్మన్న అరగంటసేపు, చెమటలు కక్కుకుంటూ, చెడుగుడును టెన్నిస్‌లో కలిపి ఒక కొత్త ఆటను కల్పించాడు. కార్యదర్శి దాన్నంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. మధ్యలో "ఊపిరి బిగబట్టి కూతపెట్టడం సర్వీసుకు ముందా, తర్వాతా?" అని సందేహం కూడా అడిగాడు.

ఉన్ని పాఠం చెప్పే కాల్డర్ అనే ప్రొఫెసరు ఒకసారి లక్ష్మన్న గదికి వచ్చి మంచం మీది కంబళిని చూశాడు. పోగులు విడదీసి, వెలుతురుకు పెట్టి, ఎవరు నేశారని అడిగాడు. "బజారులో కొన్నాను" అన్నాడు లక్ష్మన్న. అన్నాక చాలాసేపు కంబళివైపు చూడలేకపోయాడు. టెన్నిస్ అబద్ధానికి నవ్వు వచ్చేది. ఈ అబద్ధానికి రాలేదు.

అక్కడ గొర్రెలు ఈనేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. విద్యార్థులు తలా ఒక కాపరి వెంట మందలోకి పోవాలి. లక్ష్మన్నకు మెక్‌రే అనే ముసలి కాపరి దొరికాడు. మాటలు తక్కువ, చుట్ట ఎక్కువ. ఒక ఉదయం మంచుతో కలిసి వాన పడుతోంది. కంచె పక్కన అప్పుడే పుట్టిన పిల్లను వదిలేసి తల్లిగొర్రె దూరంగా పోయి మేస్తోంది. తక్కిన విద్యార్థులైతే పుస్తకం ప్రకారం ముందు పిల్ల చెవికి గుర్తు వేసేవాళ్ళు. లక్ష్మన్న మాత్రం పరుగెత్తి, ఏమీ ఆలోచించకుండా పిల్ల నోట్లో వేలు పెట్టాడు. నోరు చల్లగా ఉంది, అంటే పిల్ల చలికి పోతోందన్నమాట. కోటు విప్పి చొక్కాలోపల పొట్టకు ఆనించుకున్నాడు. తల్లిగొర్రెను పట్టి పాలు పిండి బొట్టుబొట్టుగా తాగించాడు. మెల్లగా కదలిక వచ్చాక, పిల్ల ఒంటి జిగటనే తీసి తల్లి ముక్కుకూ మూతికీ రాసి, పిల్లను దాని ముందు పెట్టి, నాలుకతో టకటకమని శబ్దం చేశాడు. ఇంటి దగ్గర హనుమంతమ్మ చేసే శబ్దం అది. న్యూజీలాండు గొర్రెకు ఆ భాష రాదు. బెదిరి లక్ష్మన్న మోకాలి మీద ఒక్క తన్ను తన్నింది. అతను కిందపడ్డాడు. అయినా లేచి పట్టి ఉంచాడు. మూడోసారికి అది పిల్లను నాకింది.

మెక్‌రే చుట్ట తీశాడు. "ముందుగా నోట్లో వేలు పెట్టడం కాలేజీలో నేర్పరు. నీకెవరు నేర్పారు?"

మోకాలు పట్టుకుని బురదలో కూర్చునే లక్ష్మన్న నిజం చెప్పేశాడు. తల్లి కాపరి అన్నాడు. తండ్రీ, తాతా కాపరులే అన్నాడు. భూస్వామి కానన్నాడు. మాట మొదలయ్యాక ఆగలేదు. టెన్నిస్ సంగతీ, కూతపెట్టే నియమం సంగతీ కూడా చెప్పాడు. అంతవరకూ గంభీరంగా విన్న మెక్‌రే, కూత దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక తానూ బురదలో కూలబడ్డాడు.

"నేనూ కాపరినే. నా ముందు నువ్వు దాచుకునేదేముంది?" అన్నాడు చివరికి కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రానికే కాలేజీ అంతా తెలిసింది. అప్పటినుంచి చదువు ముగిసేదాకా లక్ష్మన్న పేరు "చాంపియన్". అతను ఎవరి మీదా కోపగించుకోలేదు. నేరుగా కాల్డర్ గదికి పోయి, కంబళి బజారుది కాదు, మా అమ్మ వడికిందని చెప్పాడు. కాల్డర్ తిట్టలేదు. తరగతిలో చెప్పమన్నాడు. కురువలు ఉన్ని ఎట్లా కత్తిరిస్తారో, ఎట్లా ఏకుతారో, నేసిన కంబళికి చింతగింజల గంజి ఎట్లా పట్టిస్తారో లక్ష్మన్న తడబడే ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క ముక్కా బట్టీ పట్టలేదు, ఒక్కచోటా మరచిపోలేదు. కాల్డర్ కంబళిని నలుగురి చేత నాలుగు మూలలా పట్టించి మధ్యలో చెంబెడు నీళ్ళు పోశాడు. తరగతి పూర్తయ్యేదాకా ఒక్క చుక్క కిందికి దిగలేదు.

ఆ ఏడు ఉన్ని పరీక్షలో లక్ష్మన్న మొదటివాడు. రసాయనశాస్త్రంలో రెండుసార్లు తప్పాడు. కంబళిని అక్కడికి కూడా పట్టుకుపోవాల్సింది అనుకున్నాడు.

1958లో తిరిగొచ్చేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు పోయాయి, సుందరమూ ఆఫీసు వెంట హైదరాబాదు పోయాడు. లక్ష్మన్నను పత్తికొండ తాలూకాలో గొర్రెల పని చూడమన్నారు. సొంత ఊరి నుంచే మొదలుపెడదామని, విదేశీ కత్తెర తీసుకుని పల్లెలో అందరినీ పిలిచాడు. గొర్రెను పిర్రల మీద కూర్చోబెట్టి మూడు నిమిషాల్లో ఉన్ని ఊడదీసి చూపిస్తానన్నాడు. మన గొర్రె అట్లా కూర్చోవడం ఎన్నడూ ఎరగదు. గిలగిలా తన్నుకుని, సగం ఉన్నితో, లక్ష్మన్న చేతి గడియారాన్ని పగలగొట్టి మందలో కలిసిపోయింది.

మేనమామ నరసన్న గడ్డం నిమురుకున్నాడు. "ఏమల్లుడా, రెండేండ్లు నేర్సింది ఇదేనా?"

అందరికంటే ముందు నవ్వింది హనుమంతమ్మ. ఆ తర్వాత లక్ష్మన్న. వాళ్ళు నవ్వుకున్నాక, కత్తెర పక్కన పెట్టి నేలమీద కూర్చున్నాడు.

"అది కాదు మామా. ఏటా వానలు పడినాక మన గొర్లు యెందుకు కడుపు పారుకుని సస్తాయో, అది నేర్సుకున్నా. కడుపులో పురుగులు. దానికి మందుండాది."

"మేం ఇంతకాలం మందుల్లేకనే కాసినాము గదా?"

"కాసినారు. సగం పూడ్సినారు గూడా."

వాళ్ళు పూడ్చిన గొర్రెల లెక్క అందరికంటే బాగా తెలిసినవాడు నరసన్నే. చివరికి మందలోకి పోయి, తోక కింద తడిసిపోయి, పక్కటెముకలు లెక్కపెట్టేంత చిక్కిన ఒక ముసలి గొర్రెను లాక్కొచ్చాడు.

"నీ మందు దీనికి పొయ్యి. ఇదెట్లాగూ పోయేదే."

లక్ష్మన్న దాని దవడ పట్టుకుని మందు పోశాడు. పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం, నందికొట్కూరు పశువుల డాక్టరు చూస్తే నవ్వేంతగా, ఆ ఒక్క గొర్రె చుట్టే తిరిగాడు. అది తేరుకుంది. అయినా నరసన్న "బాగుంది" అనలేదు. మరుసటి వారం పద్దెనిమిదింటిని తెచ్చి వాకిట్లో నిలబెట్టి, "తొందరగా కానీ, మేతకు పోవల్ల" అన్నాడు.