ఎండుద్రాక్ష దాచిన చోట్లు

ఆరేళ్లుగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. పనిలో ఉన్నప్పుడు గుర్తు రాదు. ఇంట్లో ఎవరైనా పాయసంలోకి ఎండుద్రాక్ష వేయిస్తే ఆ వాసనకు లేస్తుంది. అప్పుడు నేను బాల్కనీలోకి పోయి నిలబడతాను. అవ్వకు పొగ పడదు అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అనుకోనిచ్చాను. పొగ కాదు.

చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్లకు చెప్పలేకనే కదా ఆరేళ్లు గడిచాయి. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా మాటను కాస్త సర్ది పుస్తకంలో ఉండేట్టు రాస్తానంది. మాటను సర్దుకో, జరిగినదాన్ని సర్దవద్దు అన్నాను.

అసలు ఈ పిల్ల అడిగింది వేరే. దీని స్నేహితురాలు ఒకామె ఫ్లాటులో పెద్ద కుక్కను పెంచుతోందట. అది సోఫా చింపుతోందట, ఎవరు మెట్లెక్కినా మొరుగుతోందట. "అవ్వా, మన బ్రూనోను నువ్వు ఎట్ల నెమ్మది చేసినావో చెప్పు, రాసి పంపిస్తా" అంది. ఎంత సేపు, నాలుగు మాటలు చెబితే అయిపోతుంది అని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది. ఆ కిటుకు చెప్పాలంటే దాని చివర ఉన్నది కూడా చెప్పాలి. సగమే చెబితే, ఆ అమ్మాయి కూడా నేను చేసిందే చేస్తే?

కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

తిరుపతిలో మాది మూడో అంతస్తు. నా కొడుకు రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కోడలు టీచరు. ఈ పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున ఎనిమిదికి ముగ్గురూ పోతే ఇంట్లో మిగిలేది నేనూ బ్రూనో. లాబ్రడార్ కుక్క. ముప్పై కిలోల పైమాటే. వాడు సంతోషంతో తోక ఊపితే టీపాయ్ మీది గ్లాసులు కింద ఉండేవి. నేను పాకాల పక్కన పల్లెలో పెరిగినదాన్ని. మా కుక్కలు పశువుల కొట్టం దగ్గర పడుకుని, శెనగ చేలల్లో తిరిగి, వాటి బతుకు అవి బతికేవి. కుక్కను సంతోషంగా ఉంచడం అనేది ఒక పని అని నేనెప్పుడూ వినలేదు. టైల్స్ మీద గోళ్లు టకటకలాడిస్తూ ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగే కుక్కను చూడటం అదే మొదలు. కర్టెను కొరికాడు. నా చెప్పులు రెండు జతలు తిన్నాడు. కింద ఫ్లాటువాళ్లు వచ్చి గొడవపడ్డారు.

వాడి మీద అప్పట్లో నిజమైన ప్రేమ చూపించింది మా వాచ్‌మన్ మునిరత్నం. యాభై దాటినవాడు. జనరేటరు పక్క గదిలో భార్యతో ఉండేవాడు. ఎవరూ అడగకుండానే రోజూ పొద్దున వచ్చి బ్రూనోను కిందికి తీసుకెళ్లి బిల్డింగు చుట్టూ మూడు సార్లు తిప్పేవాడు. "ఈడు కుక్క కాదు మా, కోడె దూడ. నన్నే ఈడ్సుకోని పోతాడు" అని నవ్వేవాడు. అంత తిరిగి వచ్చినా వాడిలో ఇంకా సగం ఊపు మిగిలే ఉండేది.

ఇప్పుడు లడ్డు సంగతి. తిరుపతిలో కాపురమున్నవాళ్ల ఇళ్లలో లడ్డు అయిపోవడం ఉండదు. కొండకు పోయి వచ్చిన చుట్టాలు మనింట్లో ఒక పూట తిని, పోతూ పోతూ ఒక లడ్డు చేతిలో పెట్టి పోతారు. అది తినకముందే ఇంకొకరు వస్తారు. నాకు చక్కెర జబ్బు, కోడలు లావవుతానని తినదు. ఫ్రిజ్‌లో అవి రాయిలా ఎండిపోయేవి. ప్రసాదాన్ని చెత్తబుట్టలో వేసే చెయ్యి నాకు లేదు. పల్లెలో అయితే ఆవుకు పెట్టేదాన్ని. మూడో అంతస్తుకు ఆవు యాడ వస్తుంది? ఇంట్లో ఉన్న నోరు లేని జీవం వీడొక్కడే. చిన్న ముక్క విరిచి పెట్టాను. అంతకుముందే నా కొడుకు గట్టిగా చెప్పి ఉన్నాడు, "అమ్మా, వానికి తీపి పెట్టొద్దు" అని. తీపి వేరు, ప్రసాదం వేరు అనుకున్నాను. ప్రసాదం ఎవరికైనా చెడుపు చేస్తుందా?

ఒకరోజు చెయ్యి జారి ముక్క సోఫా కిందికి దొర్లింది. వాడికి కనబడలేదు. ముక్కు నేలకు ఆనించి వెతికాడు. సోఫా చుట్టూ, కార్పెట్ కింద, నా కాళ్ల మధ్య, మళ్లీ సోఫా. చివరికి పంజా పెట్టి లాగి తిన్నాడు. తిని, నేలమీద వాలి, రెండు గంటలు పడుకున్నాడు. నేను వాడినే చూస్తూ కూర్చున్నాను. మూడు చుట్లు పరుగెత్తినా అలిసిపోనివాడు, ఒక ముక్క వెతికితే ఎందుకు అలిసిపోయాడు? ముక్కుతో పని చేస్తే ఒళ్లు అలుస్తుందా?

నాకు అది అంతు పట్టలేదు. చూడాలనిపించింది.

మర్నాటి నుంచి అదే పని. మధ్యాహ్నం వాణ్ణి బాల్కనీలో పెట్టి తలుపు వేసి, శెనగగింజంత ముక్కలు దాచేదాన్ని. కర్టెను మడతలో, గ్రైండరు వెనక, చుట్టిన చాపలో, ముడి వేసిన చేతిగుడ్డలో. తలుపు తీస్తే వాడు మొదట నా మొహం చూసేవాడు. నేను ఎటు చూస్తే అటు పోయేవాడు. అది కనిపెట్టాక కావాలని వేరే దిక్కు చూసేదాన్ని. రెండు మూడు రోజులు మోసపోయాడు. ఆ తర్వాత నా కళ్లను నమ్మడం మానేసి ముక్కునే నమ్మాడు. ఒకటి దాచి వేరే దిక్కు చూడటం నేను నేర్చుకున్నది అప్పుడే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇల్లు నెమ్మదించింది. కర్టెన్లు మిగిలాయి. కింద ఫ్లాటావిడే వచ్చి, ఏం చేశారు అని అడిగింది. "మాట్లాడతా కూసుంటా, వింటాడు" అని చెప్పాను. ఇంట్లోనూ అదే చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. పొగడ్త నాకు రుచించింది. అంతకన్నా, ఆ మధ్యాహ్నాలు నావి. అరవై ఎనిమిదేళ్ల వయసులో రేపు ఏం చేసి చూద్దామా అని పడుకునే ముందు అనుకోవడం ఎంత బాగుంటుందో మీకు ఎలా చెప్పను?

ఎంత చిన్నది దాస్తే కనుక్కోలేడు? అదీ నన్ను పట్టిన ప్రశ్న. ముక్కను ఎంత నలిపినా పొడి అవుతుంది. లడ్డులో చిన్నగా, పొడి కాకుండా ఉండేది ఎండుద్రాక్ష. ఆ వారం చుట్టాలు ఎక్కువ వచ్చి పోయారు. ఎండిన లడ్డులన్నీ పళ్లెంలో చిదిపి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ద్రాక్షలు ఏరాను. చాలలేదు. వంటింట్లో పాయసం కోసం తెచ్చిన పొట్లం ఉంది. అందులోంచి గుప్పెడు తీశాను. ఇల్లంతా దాచాను. చివరిది ఒక బూటులో, వేళ్లు ఉండే చోట, లోపలికి తోసి పెట్టాను. దీన్ని మాత్రం వీడు పట్టలేడు అనుకున్నాను.

అన్నీ పట్టాడు. బూటులోది కూడా. నేను చప్పట్లు కొట్టాను.

మర్నాడు పొద్దున వాడు మునిరత్నంతో కిందికి పోయి, తోక వేలాడేసుకుని పైకి వచ్చాడు. నీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నానికి లేవలేకపోయాడు. కొడుకు పరుగున వచ్చి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ పోయాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగా అడిగింది. చాక్లెట్ తిన్నాడా, ఉల్లిపాయ తిన్నాడా. తర్వాత నా వైపు తిరిగి, ఇంట్లో ఉండేది మీరే కదా, ద్రాక్షగానీ ఎండుద్రాక్షగానీ తిన్నాడా, కొన్ని కుక్కలకు అది విషమే, కిడ్నీలు పోతాయి అంది.

"ల్యా మా. పెరుగన్నమే పెట్నాను" అన్నాను.

గోడ మీద క్యాలెండరు చూస్తూ అన్నాను. వేరే దిక్కు.

ఎందుకన్నాను? కొడుకు వద్దన్నది చేశానని భయమా? కోడలి ముందు చిన్నబోతాననా? ప్రసాదం మీద మాట పడుతుందనా? ఇన్నేళ్లూ ఈ మూడూ మార్చి మార్చి నాకు నేను చెప్పుకున్నాను. మూడూ నిజమే, మూడూ సాకులే. అసలుది ఏమిటంటే, నిజం చెబితే ఆ మధ్యాహ్నాలు పోతాయని. ప్రాణం మీదికి వచ్చిన కుక్క బల్ల మీద పడి ఉంటే, నాకు ఆట పోతుందనే దిగులు వచ్చింది. అంత సన్నటి దిగులు అంత పెద్ద అబద్ధం ఎలా ఆడించింది? అది నాకు ఇప్పటికీ తెలియలేదు.

ఏదో విషం తిని ఉండాలి అంది డాక్టరమ్మ. మా పార్కింగులో అప్పుడు ఎలుకలు. కార్ల వైర్లు కొరుకుతున్నాయని, ఏదో ఒకటి చెయ్యమని మునిరత్నానికి అందరూ చెప్పి ఉన్నారు. నా కొడుకు ఆ రెండూ కలిపాడు. వీడు ఎలుకల మందు పెట్టాడు, కుక్క నాకింది అని. బిల్డింగులో నలుగురూ చేరి మాట్లాడుకున్నారు. వారం తిరక్కుండా గది ఖాళీ చెయ్యమన్నారు.

పోయే రోజు పొద్దున మునిరత్నం పైకి వచ్చాడు. బ్రూనోకు ఇంకా ఆసుపత్రిలో సెలైను ఎక్కుతోంది. ఇంట్లో నేనొక్కదాన్నే.

"అమ్మా, ఈని బంతి. కార్ల కింద దొరికింది" అని ఇచ్చాడు.

"యాడికి పోతా ఉండావు అప్పా?"

"మా బామర్ది ఉండాడు మా, రేణిగుంట దిక్కు. గోడౌన్ కాడ గేటు పని సూస్తానన్యాడు. సూడాల." మెట్ల దాకా పోయి మళ్లీ తిరిగి వచ్చి, "నేను మందు పెట్లేదు మా. బోను పెట్నా, అంతే. ఆనికి నేను పెడ్తానా, నువ్వే సెప్పు" అన్నాడు.

నేను బంతిని తిప్పి తిప్పి చూస్తున్నాను.

"ఆ పొద్దు కింద కక్కినాడు మా. నేనే కడిగినా. అంతా కిస్మిస్ పండ్లే. ఇంత మంచి తిండి పెడ్తా ఉండారు, ఏ దిష్టి తగిలిందో ఈనికి అనుకుంటి."

అతను తప్పు చేయలేదనే సాక్ష్యం అతని నోట్లోనే ఉంది. అదేమిటో అతనికి తెలియదు. నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క నా కొడుకుతో అని ఉంటే చాలు. నేను అనిపించి ఉంటే చాలు.

"నీళ్లు తాగుతావా?" అన్నాను.

తాగాడు. గ్లాసు కడిగి తలుపు పక్కన బోర్లించి దిగిపోయాడు.

బ్రూనో బతికాడు. ఆసుపత్రి నుంచి ఆరో రోజు తీసుకొచ్చాం. పోయిన వేసవి దాకా ఉన్నాడు. కానీ నీళ్లు తెగ తాగేవాడు, పరుగు మరిచిపోయాడు. మొదటి రోజే నేను నిజం చెప్పి ఉంటే వైద్యం ఇంకోలా ఉండేదా? డాక్టరమ్మను అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. నేను మళ్లీ ఆట ఆడలేదు. వాడు మాత్రం మధ్యాహ్నం కాగానే తనే బాల్కనీలోకి పోయి, తలుపు ఎప్పుడు వేస్తానా అని వెనక్కి తిరిగి చూసేవాడు. చాలా నెలలు చూశాడు.

ఆ స్నేహితురాలికి ఇది రాయి. పెద్ద కుక్కకు కాళ్లకు మాత్రమే పని పెడితే చాలదు, ముక్కుకు పెట్టాలి. క్యారెట్ ముక్క దాచు. ఉడికించిన చికెన్ తునక దాచు. ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో ముందు డాక్టరును అడుగు. పెట్టినదాన్ని పెట్టానని చెప్పు.

నేను ఎండుద్రాక్ష దగ్గరికి వచ్చినప్పుడే ఈ పిల్ల పెన్ను ఆగింది. మళ్లీ కదిలింది. ఇందాకటి నుంచి తల ఎత్తలేదు. ఇప్పుడు ఒకటే అడిగింది.

"సివరిది ఎవురి బూట్లో అవ్వా?"

నీదే. శనివారం వేసుకునే తెల్ల బూటు. ఆ సాయంత్రం బూటు నాకి తడి చేశాడని నువ్వు వాణ్ణి తిట్టి వీపు మీద ఒకటి వేశావు. మర్నాడే వాడు పడిపోయాడు. ఆ దెబ్బను నువ్వు ఇన్నేళ్లూ మోస్తున్నావేమో. నేను ఎప్పుడూ అడగలేదు. కుక్క ముక్కు ఏం పట్టగలదో తెలుసుకోవాలని అంత తాపత్రయపడినదాన్ని, పక్కన కూర్చున్న పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవాలనుకోలేదు.

నువ్వేమీ అనవద్దు. రాయి.

నా పేరు వద్దన్నాను కదా, వద్దు. మునిరత్నం పేరు మాత్రం ఉంచు. మునిరత్నం మందు పెట్టలేదు. ఆ మాట విడిగా, ఒక వరుసలో రాయి.

మునిరత్నం మందు పెట్టలేదు.

సాయంత్రం మీ నాయన వస్తాడు. కాఫీ తాగినాక ఇదంతా చదివి వినిపించు. ఏమంటాడో నాకు తెలియదు. నేను బాల్కనీలోకి పోను.