నాయన మాల తీసిన రోజు

మా నాయన పోయి ఏడాదయింది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా ఆయన్ను దేవుడు దేవుడంటుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. దేవుడితో ఒకే ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో వాళ్లకేం తెలుసు? పండగ పూట విస్తరి ముందు కూర్చున్న మనిషి, గుమ్మంలో ఎవరో మూలిగారని లేచిపోతే అన్నం అట్లాగే చల్లారిపోయేది. అట్లాగని ఇల్లు పట్టని మనిషి కాదు. నాకు జ్వరమొస్తే ఆయనకు ముద్ద దిగేది కాదు. అమ్మను ఒక్కనాడూ పరుషంగా ఒక మాటన్నది నేను వినలేదు. అట్లాంటి మనిషి మీద నేను రెండు నెలలు పగబట్టాను.

మాది సారపాక నుంచి లోపలికి జీపులో గంట ప్రయాణం, అడవి అంచున ఊరు. నాయన కొన్నేళ్లు సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ నడిపి, తర్వాత పాత జీపు ఒకటి కొనుక్కుని కిరాయికి తిప్పుకునేవాడు. రోగం రొష్టు అయితే కిరాయి మాటే లేదు. వాగవతల గుంపుల్లో, అదే అడవి గూడేల్లో, ఎవరికి పాము కరిచినా, నొప్పులొచ్చినా మా ఇంటికే వచ్చేవాళ్లు.

ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాడు. ఆ నలభై ఒక్క రోజులూ అమ్మ కూడా ఆయన్ను "స్వామీ" అనే పిలవాలి. "స్వామీ, నీ తల మీద తెల్లారనూ, ఈ బురద కాళ్లతో వంటింట్లోకొస్తవా?" అని భక్తిగానే తిట్టేది.

ఆ ఏడు మాల మాత్రం నా కోసం. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల రాగానే బోనకల్‌లో అత్తగారింటి నుంచి నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. బిడ్డ బతికి బట్టకట్టాలని, దీక్ష తప్పకుండా చేసి అయ్యప్ప కొండ ఎక్కి వస్తానని నాయన మొక్కుకున్నాడు. ఏ రోజూ నియమం తప్పలేదు. చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, ఒంటిపూట అన్నం. నేనూ ఆ మాలనే నమ్ముకుని ఉన్నాను. దవాఖానాలో ఇచ్చిన మాత్రలు మరిచిపోయేదాన్ని గానీ, దీక్ష ఎన్నో రోజో మరిచిపోయేదాన్ని కాదు.

ముప్పై తొమ్మిదో రోజు. తుఫాను పట్టి మూడు రోజులుగా వాన. ఎల్లుండి ఇరుముడి, ఆ సాయంత్రమే కొండకు బస్సు. మధ్యాహ్నం పూట నలుగురు మగవాళ్లు మంచాన్ని కర్రకు కట్టి భుజాల మీద మోసుకొచ్చి మా వాకిట్లో దించారు. మంచం మీద చిన్న పిల్ల, పందొమ్మిదేళ్లు కూడా ఉండవేమో, తొలిచూలు. వెంట ఆమె అత్త. తారురోడ్డుకు అడ్డంగా చెట్టు కూలి అంబులెన్స్ అవతలే ఆగిపోయిందట. అడవిలోంచి బండ్ల బాట ఉంది కానీ, ఆ బురదలో జీపు తప్ప ఏదీ కదలదు.

నాయన నల్లబట్టలతో బయటికి రాగానే ఆ అత్త నోరు నొక్కుకుంది. "మాలేసుకున్నవ్ గదయ్యా! తెల్వక వచ్చినం. పురుటి మనిషి తాకితే నీకు మైల. నువ్వు ముట్టకు" అని, తమ భాషలో మగవాళ్లతో ఏదో చెప్పింది. వాళ్లు మళ్లీ కర్ర భుజానికెత్తుకున్నారు. వాళ్లలోనూ పురిటి మనిషిని వేరే పాకలో ఉంచుతారు. పట్టింపు అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ వానలో ఇంకో ఊరు నడిచిపోవడానికే సిద్ధపడ్డారు.

"ఆగుండ్రి" అన్నాడు నాయన.

అమ్మ పోయి జీపుకు అడ్డం నిలబడింది. "రెండు రోజులు స్వామీ, రెండంటే రెండు రోజులు. మన పిల్ల మొకం చూడు ఒక్కసారి."

నాయన నా వైపు చూశాడు. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని గడపలో నిలబడి ఉన్నాను. మంచం మీద ఆ పిల్ల పళ్లు బిగబట్టి మూలుగుతోంది. అది వింటూనే, నాయన కళ్లలోకి సూటిగా చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపాను.

ఆయన లోపలికి పోయాడు. దీక్ష మధ్యలో మాల ఎవరంతట వాళ్లు తీయకూడదు, గురుస్వామి తీయాలి. మా నాయన తన చేత్తోనే తీసి పటానికి వేశాడు. "స్వామీ, మొక్కింది నేను. తప్పింది నేను. ఏమన్న ఉంటే నాతోని చూస్కో, నా బిడ్డ జోలికి రాకు" అన్నాడు. గడప దాటుతూ నా తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్లను ఎత్తి జీపులో పడుకోబెట్టింది ఆయనే.

సగం దారిలోనే కాన్పయింది. చీకటి పడకముందే ఫోన్ చేశాడు. "మగపిల్లగాడు. తల్లీ పిల్లా ఇద్దరూ మంచిగున్నరు" అన్నాడు. నేను విని ఫోన్ పెట్టేశాను.

గురుస్వామి మంచివాడే, కానీ నియమం నియమమే. "ఈ యేడు నీకు కొండ లేదు" అన్నాడు. అనుకున్న రోజున బస్సు కదిలితే నాయన ఊరి చివర దాకా నడిచి పోయి అందరికీ దండం పెట్టి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయనతో మాటలు మానేశాను. ఆయన పొద్దున్నే వంటింటి వెనక నిలబడి అమ్మను అడిగేవాడు, "బిడ్డ కదులుతుందా?" అని. నాకు వినపడేది. కదులుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తొమ్మిదో నెల నిండుతుండగా ఒక తెల్లవారుజామున బిడ్డ కదలడం ఆగిపోయింది. పక్కకు తిరిగి పడుకున్నాను, చన్నీళ్లు తాగాను. లేదు. జీపు ఎక్కాను. ఎప్పుడూ బండి ఎక్కితే శరణుఘోష చెప్పుకునే నాయన, ఆ రోజు అడవంతా దాటినా ఒక్కసారీ దేవుణ్ణి పిలవలేదు. గోదావరి బ్రిడ్జి మీద నేనే నోరు విప్పాను. రెండు నెలల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట.

"నీ మొక్కు వాళ్ల పిల్లగానికి చెల్లింది నాయినా. నా బిడ్డకు ఏం మిగిల్చినవ్?"

అమ్మ వెనక సీట్లోంచి నా నోరు మూసింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. గేరు మార్చబోయి రెండుసార్లు తప్పడం మాత్రం చూశాను. చూసినా నాకు జాలి కలగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

భద్రాచలం దవాఖానాలో హుటాహుటిన ఆపరేషన్ చేశారు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుందట, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. తెలివి వచ్చేసరికి పక్కన ఏడుపు. ఆడపిల్ల. బతికింది, గొంతు చించుకుని ఏడుస్తోంది.

అమ్మ ఎత్తుకుంది. సాయంత్రానికి మా ఆయన వచ్చి ఎత్తుకున్నాడు. నాయన జాడ లేదు. పొద్దుటి నుంచీ గేటు దగ్గరే కూర్చున్నాడని అమ్మ చెప్పింది. ఎంత పిలిచినా లోపలికి రాలేదట. మర్నాడు నేనే కబురు పెట్టాను.

స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వార్డు తలుపు దగ్గరే ఆగిపోయాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అంత దూరం నుంచే మెడ సాచి బిడ్డను చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నేను ముట్టుకోవచ్చునా బిడ్డా?"

తీసుకో నాయినా అన్నాను, ఏడుస్తూ అన్నాను. ఆయన ఎత్తుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు, ఆ తర్వాత ఏళ్లపాటు దాన్ని కింద దించలేదు. బ్రిడ్జి మీద నేనన్న మాట మళ్లీ ఎత్తనూ లేదు. అయినా సొంత మనవరాల్ని ముట్టుకోవడానికి మా నాయన చేత అనుమతి అడిగించింది నేనే.