సంతోషమ్మత్త మెడలో బిళ్ళలు

మా సంతోషమ్మత్తకి ఎవరైనా అదిచెయ్యి ఇదిచెయ్యి అంటే ఒళ్ళు మండేది. మొవ్వ దగ్గర మా పల్లెలో నాట్ల ముఠాకి ఆమే పెద్ద. భర్త పోయినప్పటి నుంచీ చుట్ట అలవాటైంది. పాస్టరుగారు మానమని ప్రసంగంలో చెబితే, ప్రసంగం అయ్యేదాకా ఓపిక పట్టి చర్చి బయటే వెలిగించింది. ఆ మొండితనం చూస్తే నాకు భయమూ, గర్వమూ రెండూ కలిగేవి.

1962లో దగ్గు పట్టుకుని వదల్లేదు. ఆమె అన్న, మా అబ్రహాము పెదనాన్న, మా వాళ్ళందరూ చేసే వైద్యమే చేయించాడు. గొంతు పక్కన నల్లజీడి రసంతో చుక్కలు పెట్టించాడు. చర్మం పొక్కి పుండైంది. దవడ కింద నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. దగ్గు మాత్రం అలాగే ఉంది. చివరికి గుడివాడలో రైలెక్కించి మద్రాసులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

కుడి ఊపిరితిత్తిలో క్యాన్సరని తేల్చారు. అది మెడదాకా పాకకపోతే రొమ్ము తెరిచి ఆ భాగం తీసేయొచ్చట. పాకితే తెరిచినా లాభం లేదు. ఒక కుర్ర డాక్టరు దవడ కింద బిళ్ళని తడిమి, "పాకేసింది. ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. పెదనాన్న అప్పుడే బట్టలు సర్దడం మొదలెట్టాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

అత్త మంచం దిగలేదు.

"చేత్తో తడిమి నా చావు చెబుతారా? కోసి చూసి చెప్పండి. అప్పుడెళ్తాను."

ఆ గొడవకి పెద్ద డాక్టరు జనార్దనరావుగారు వచ్చారు. పుండు చూసి ఇదేమిటన్నారు. పెదనాన్న నసుగుతూ జీడి సంగతి చెప్పాడు. డాక్టరుగారు మెడంతా నెమ్మదిగా తడిమారు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక వెనక, తగిలీ తగలనట్టు ఇంకో బిళ్ళ ఉంది.

"పెద్దది ఈ పుండు వల్ల కట్టినట్టుందమ్మా. దాన్ని కోస్తే ఊపిరితిత్తి సంగతి తెలియదు. అక్కడి జబ్బు మెడలోకొస్తే ముందు ఈ ఎముక వెనకే చేరుతుంది. ఈ చిన్నది తీసి పరీక్షకి పంపుతాను."

"కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందండీ" అన్నాడు పెదనాన్న.

"నువ్వు జీడి తగిలించావుగా అన్నయ్యా, ఇక ఊరుకో" అంది అత్త. ఒప్పుకోలు కాగితం డాక్టరుగారు పెదనాన్న చేతికివ్వబోతుంటే తనే లాక్కుని వేలిముద్ర వేసింది.

చిన్న బిళ్ళలో క్యాన్సరు లేదని తేలింది.

"ఆపరేషను చేయొచ్చు. అయినా బతికిస్తానని మాటివ్వలేను" అన్నారు డాక్టరుగారు.

"మాటెవరడిగారండీ? మీ పని మీరు చెయ్యండి."

ఆపరేషను రోజున పెదనాన్న గుమ్మం దగ్గర ఏడుపు లంకించుకున్నాడు. థియేటరుకి తీసుకెళ్తున్న బండిని అత్త ఆపించింది.

"ఏడవాలంటే ఊరెళ్ళి ఏడువు. ఇక్కడ నేను తిరిగొస్తానని కూచునేవాళ్ళు కావాలి."

ఆయన కళ్ళు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తెరిచేదాకా కాఫీకి కూడా లేవలేదు.

మర్నాడు అత్తకి తెలివొచ్చింది. గొంతు పెగలడం లేదు. నేను వంగి చెవి పెట్టాను.

"అన్నయ్య ఉన్నాడా, వెళ్ళిపోయాడా?"