శివప్ప ఉప్పుకాగితం

రాయదుర్గంలో శివప్ప పని, కొత్త జీన్సు ప్యాంట్లను ఉప్పుకాగితంతో రుద్ది పాతవాటిలా చేయడం. 2007లో యజమాని బదరీనారాయణ నల్లటి ల్యాప్‌టాప్ కొన్నాడు. అది పెట్టిన బల్ల తుడిచినప్పుడల్లా శివప్ప దాని మూతను ధడాలున మూసేవాడు. నెల తిరక్కముందే మూత అంచు తగిలేచోట, మీటలకు దిగువన, రెండు తెల్లమచ్చలు తేలాయి.

"సాయంత్రానికి ఆ మచ్చలు కనపడితే రేపట్నుంచి పనికి రావద్దప్పా" అన్నాడు యజమాని.

కొబ్బరినూనె, నిమ్మచెక్క పనిచేయలేదు. చివరికి శివప్ప తనకు చేతనైన పనే చేశాడు.

సాయంత్రం మూత తెరిచి బదరీనారాయణ నోరెళ్లబెట్టాడు. మీటల చుట్టూ అంతా వెలిసిన జీన్సులా తెల్లబడి ఉంది.

"ఏం చేసినావురా?"

"మచ్చలు యాడుండాయో చూపించన్నా."

బదరీనారాయణ కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాడు. దొరకలేదు. మర్నాడు శివప్ప పనికి వచ్చాడు. బల్ల తుడవడం మాత్రం మాన్పించారు.