వయోమింగ్‌లో ఐరీన్ వంతు నీళ్ళు

మా అమ్మాయి స్నేహితులు ఈ వేసవిలో డెన్వర్‌లో దిగి, కారు తీసుకుని, వయోమింగ్ మీదుగా ఎల్లోస్టోన్‌కి డ్రైవ్ చేద్దామని ప్లాన్ చేసుకుంటున్నారు. మొన్న శాన్ రామన్‌లో మా ఇంటికి టీకి వచ్చి, "ఆంటీ, మీరు అక్కడే ఉండేవాళ్ళట కదా, దారిలో చూడ్డానికి ఏముంది?" అని అడిగారు. ఏముందని చెప్పను? కొండలున్నాయి, గాలి ఉంది, జింకలున్నాయి. ఇవన్నీ ఫోన్‌లో వాళ్ళే చూసుకోగలరు. నేను చెప్పగలిగింది 1981 జూన్‌లో నేనూ మా ఆయనా ఆ దారిన మొదటిసారి వెళ్ళిన రోజు గురించి మాత్రమే. మీరూ అటు వెళ్ళేవాళ్ళయితే పనికొస్తుందని రాస్తున్నాను.

అప్పుడు మేము మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన డాక్టరు. డెట్రాయిట్‌లో రెసిడెన్సీ పూర్తవుతున్న రోజుల్లో, ఏడాదికి పైగా డాక్టరే లేని ఓ చిన్న కొండ ఊరి ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఆయనకి మనసు లాగింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ట్రాయ్‌లో వారం వారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కులు, పండక్కి పది తెలుగు కుటుంబాలు, కరివేపాకు దొరికే కొట్టు. అవన్నీ వదిలేసి గొడ్లు తప్ప మనుషులు లేని చోటికి పోవడమా? "నువ్వు చూసి సరే అంటేనే వెళ్దాం సీతా. లేదంటే లేదు, నేను మళ్ళీ ఆ మాట ఎత్తను" అన్నారాయన. ఆ ఆస్పత్రి వాళ్ళకి ఊరు చూసిన రోజు సాయంత్రమే జవాబు చెప్పాలి. అందరి ముందూ కాదనడం బాగుండదని మేమిద్దరం ఓ గుర్తు పెట్టుకున్నాం. నాకు నచ్చకపోతే "తలనొప్పిగా ఉంది" అంటాను, ఆయన మర్యాదగా వాళ్ళకి సారీ చెప్తారు. నిజం చెప్పాలంటే ఆ తలనొప్పిని నేను ట్రాయ్‌లోనే సూట్‌కేసులో సర్దుకుని బయల్దేరాను.

ముందురోజు విమానంలో డెన్వర్ చేరి, తెల్లవారుజామున ఐదింటికి కారులో బయల్దేరాం. ఫోర్ట్ కాలిన్స్ దాటి 287 రోడ్డు మీద లారమీ, అక్కణ్ణుంచి ఇంటర్‌స్టేట్ 80 మీద పడమరగా రాలిన్స్, మళ్ళీ ఉత్తరానికి తిరిగి విండ్ రివర్ కొండల వైపు. అప్పట్లో ఎక్కడైనా యాభై ఐదే స్పీడ్ లిమిట్ కాబట్టి ఏడు గంటలకి పైనే పట్టింది. ఇప్పుడైతే ఆరు గంటల్లో వెళ్ళిపోవచ్చు. లారమీ దాటాక గాలి కారుని పక్కకి తోసేస్తుంది, స్టీరింగు రెండు చేతులతో పట్టుకోండి. రాలిన్స్‌లో ట్యాంకు నింపుకోండి. ఆ తర్వాత చాలాసేపు పంపు కనిపించదు. మేము అక్కడే ఓ చిన్న హోటల్లో టిఫిన్‌కి ఆగాం. మేము మాంసం తినం అని చెబితే వంట చేసే పెద్దాయన గరిటె పట్టుకునే బయటికొచ్చి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"కోడి కూడా తినరా?"

"తినం."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఎప్పుడూ తినం."

పాపం, ఆయన లోపలికెళ్ళి బంగాళాదుంపలు తురిమి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి ఎర్రగా వేయించి తెచ్చాడు. నేను బ్యాగులోంచి ఆవకాయ తీసి నంజుకున్నాను. ఆయనా కొంచెం వేలితో తీసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు.  తర్వాత, "ఇది నా ట్రక్కు తుప్పు వదలగొట్టడానికి కూడా పనికొస్తుంది" అన్నాడు. మా ఆయన పొలమారేలా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇలాంటి వాళ్ళ మధ్యా మా కాపురం అనుకున్నాను.

ఉత్తరానికి తిరిగాక ఎదురొచ్చిన ప్రతి పికప్ డ్రైవరూ స్టీరింగు మీంచి రెండు వేళ్ళెత్తి చూపించాడు. "ఏవండీ, ఈయనకి మనం తెలుసా?" అన్నాను మొదటిసారి. నాలుగో బండికి మా ఆయనా వేళ్ళెత్తడం మొదలెట్టారు. పదో బండికి ఎన్నాళ్ళ బట్టో అక్కడే ఉన్నవాడిలా ఎత్తుతున్నారు. మనిషి అప్పుడే సగం వెళ్ళిపోయాడని నాకు అర్థమైంది.

పన్నెండున్నరకి ఊరు చేరాం. ఒకే వీధి, ఒక పోస్టాఫీసు, పశువుల దాణా అమ్మే ఒక ఫీడ్ స్టోరు, రెండు చర్చిలు, వాటి వెనక ఆకాశాన్ని ఆనుకుని మంచు కొండలు. మాకు విడిది ఇచ్చింది ఐరీన్ అనే ఆవిడ. భర్త పోయాడు, అరవై దాటాయి, ఊరి చివర ఇల్లు, ఇంటి వెనక మూడెకరాల గడ్డి పొలం, రెండు గుర్రాలు. కుడి మణికట్టు వంకరగా ఉంది. సూపు గిన్నె ఎడమ చేత్తో పెడుతుంటే మా ఆయన ఆ వంకర చెయ్యి పట్టుకుని చూశారు.

"ఇది ఎవరు కట్టారమ్మా?"

"పక్క పొలం వేన్. ఏప్రిల్‌లో మంచు మీద జారిపడ్డాను. కొండదారి మూసేశారు, డాక్టరు తొంభై మైళ్ళ అవతల. వేన్ రెండు చెక్కలు పెట్టి కట్టాడు. దూడలకి అంతకన్నా బాగా కడతాడులే" అని ఆవిడే నవ్వేసింది.

మా ఆయన నవ్వలేదు. భోజనం కాగానే ఆస్పత్రి నర్సు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళాను.

పెరటి వెనక పిల్ల కాలువ. మంచు కరిగిన నీళ్ళు గలగలా పోతున్నాయి. నేను పుట్టింది కృష్ణా డెల్టాలో, బోదె పక్కనే. పారే నీళ్ళని అంత దగ్గరగా చూసి నాలుగేళ్ళయింది. చెప్పులు విప్పి కాళ్ళు పెడితే చల్లదనం నెత్తికెక్కింది. కాలువకీ ఐరీన్ పొలానికీ మధ్య ఓ చెక్క పలక. ఐరీన్ చేతికున్న వాచీ చూసుకుంటూ వచ్చింది.

"రెండింటికి నా వంతు. ఐదింటిదాకా."

వంతు! ఆ మాట ఆవిడ ఇంగ్లీషులోనే అంది గానీ నాకు మా ఊళ్ళోనే వినిపించింది. పార ఎడమ చేత్తో పట్టుకుని తంటాలు పడుతుంటే చూడలేక, "ఇలా ఇవ్వండి, నేను రైతు బిడ్డని" అని లాక్కున్నాను. ఆవిడ వద్దంటూనే వాళ్ళాయన రబ్బరు బూట్లు తెచ్చిచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండు కాగానే పలక ఎత్తాను. కాలువకి అడ్డంగా కర్రకి కట్టిన టార్పాలిన్ వేస్తే నీళ్ళు ఎగదన్ని గట్టు మీంచి గడ్డిలోకి జారాయి. ఐరీన్ మెచ్చుకుని, ఫోన్ మోగితే లోపలికెళ్ళింది.

అక్కడే నా డెల్టా బుద్ధి పైకొచ్చింది. నీళ్ళు ఇలా జారిపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. మా వైపు మడిలో నీళ్ళు నిలబడాలి, నిలబడకపోతే అది తడిపినట్టే కాదు. నీళ్ళన్నీ కిందికి పోయి వృథా అవుతున్నాయని, పార తీసుకుని పల్లం వైపు ఈ చివర నుంచి ఆ చివరకి చక్కగా గట్టు వేశాను. మట్టి అదిమి, కాలితో తొక్కి, మా నాన్న చూస్తే మురిసిపోయేలా వేశాను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని చిన్నప్పటినుంచీ అంటున్నదాన్నే. కానీ అంత వాలు పొలం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నీళ్ళు గట్టు దగ్గర చేరి, ఉబ్బి, మూలన ఒక్కసారిగా గండి పడి, కంచె కిందనుంచి పక్క పొలంలోకి దూకాయి. ఆ పొలంలో కోసిన గడ్డి వరసలుగా ఎండుతోంది.

 ఎండుతున్న గడ్డి తడిస్తే కుళ్ళుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో నీళ్ళ దగ్గర తలలు పగిలాయి. ఒకరి నీళ్ళు ఒకరి కల్లంలోకి పోతే మూడు తరాలు మాటల్లేని ఇళ్ళున్నాయి. మట్టి తోసి గండి పూడుస్తుంటే అది ఇంకా పెద్దదవుతోంది. ఇంతలో ట్రాక్టరు ఆపి, పొడుగాటి మనిషి ఒకాయన కంచె దాటి వచ్చాడు. ఆయనే వేన్. నా చేతిలో పార తీసుకుని, నా గట్టుని నాలుగు చోట్ల తెగ్గొట్టాడు. నీళ్ళు పరుచుకుని, పల్చబడి, పొలమంతా మెరుస్తూ కదిలాయి.

"మీ గడ్డి పాడుచేశాను. ఏమనుకోకండి" అన్నాను. 

ఆయన తడిసిన రెండు వరసల్నీ బూటుతో తిరగేశాడు. "ఈ గాలి ఉన్నది ఎందుకు? ఎండబెట్టడానికే. ఇంతకీ ఆ గట్టు ఎందుకు కట్టావు?"

వరి గురించి చెప్పాను. నీళ్ళు మోకాలి కిందివరకు నిలబెడతామంటే ఆయన నమ్మలేదు. "నీళ్ళు నిలబెట్టేంత నీళ్ళున్నాయా మీకు?" అన్నాడు, మా నాన్న ఓ కోటీశ్వరుడైనట్టు. తర్వాత ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఐరీన్ తర్వాత వంతు ఆయనదేనట. మాటల్లో తెలిసింది, ఏప్రిల్ నుంచి ఐరీన్ వంతుకి ఎవరికి తీరికుంటే వాళ్ళొచ్చి నీళ్ళు పెట్టి వెళ్తున్నారు. ఇవాళ ఆయన రావాలి, గడ్డి పనిలో ఆలస్యమైంది.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పోయాక, ఆవిడ వంతు వస్తే తూము దగ్గర తనే వెళ్ళి కూర్చునేది. లేచిందంటే ఎగువ వాళ్ళు పలక దించేసేవాళ్ళు. మొగుడు లేని ఆడదాని నీళ్ళంటే ఊరందరికీ అలుసు. అది చెప్పి, "ఇక్కడ ఐరీన్ నీళ్ళు ఎవరూ తీసుకోరా?" అని అడిగాను.

వేన్ పార పక్కన పెట్టాడు. "మేమేం దేవుళ్ళం కాదు. మా నాన్న ఇదే కాలువ మీద ఒకణ్ణి పారతో కొట్టాడు. కానీ వంతు మనిషి రాలేకపోతే, వాళ్ళ నీళ్ళు ముందు పెట్టాలి. తర్వాతే మన పని."

ఐదు కావస్తోంది. గడ్డి ఇంకా కోయని ఆయన అవతలి పొలం దాహంతో ఉంది, పలక ఆయన చేతికందే దూరంలో ఉంది, ఐరీన్ ఇంట్లో ఉంది. అయినా ఆయన వాచీ ముల్లు ఐదు మీదికి వచ్చేదాకా కూర్చునే ఉన్నాడు. అప్పుడు లేచి, "ఐరీన్, అయిపోయింది!" అని ఇంటివైపు కేకేసి, ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపాకే టార్పాలిన్ లాగేసి పలక దించాడు. నాకు ఏడుపొచ్చింది. చల్లనీళ్ళతో మొహం కడుక్కున్నాను.

ఆరింటికి మా ఆయన వచ్చేసరికి నేను మోకాళ్ళదాకా బురదతో మెట్ల మీద ఉన్నాను. "ఏవైంది? పడ్డావా?" అని కంగారుపడ్డారు. "గట్టేశానండీ" అన్నాను. రాత్రి భోజనానికి ఆస్పత్రి బోర్డు ప్రెసిడెంటు వస్తాడని, అతనికే జవాబు చెప్పాలని మా ఆయన అంటుండగానే, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వేన్ లోపలికొచ్చాడు. చిన్న ఊళ్ళో ఒక్కో మనిషికి నాలుగేసి ఉద్యోగాలు. నా మొహం దాచుకునే చోటు లేదు.

ఇంకా బాగా వెలుతురుంది. ఐరీన్ మా కోసం చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే చేసింది. వేన్ నా గట్టు ఊసే ఎత్తలేదు. రొట్టె తుంచుకుంటూ, "ఏమంటారు డాక్టర్? వస్తారా?" అని మాత్రం అడిగాడు. మా ఆయన నావైపు చూశారు. ఐరీన్ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని బల్లకేసే చూస్తోంది. మా ఆయన నా తలనొప్పి కోసం ఎదురుచూస్తున్నారు.

"ఐరీన్, మళ్ళీ మీ వంతు ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే గురువారం."

నేను మా ఆయన వైపు తిరిగి తెలుగులో అన్నాను, "అప్పటికి సామాను సర్దుకుని రాలేం కదండీ. ఆ పై గురువారానికి వచ్చేద్దాం."

మేము అక్కడ తొమ్మిదేళ్ళున్నాం. అంతా పువ్వుల బాట కాదు. చలికాలం ఒంటరితనంతో ఏడ్చాను, కందిపప్పు కోసం డెన్వర్ వెళ్ళాను, కరివేపాకు మొక్క మూడుసార్లు చచ్చింది. మా అమ్మాయి ఆ ఆస్పత్రిలోనే పుట్టింది, ఐరీన్ వంకర చేత్తోనే దానికి ఉన్ని టోపీ అల్లింది. పురిటికి ముందూ వెనకా మేము కొనుక్కున్న ఇంటి వెనక పొలానికి వంతు వచ్చినప్పుడల్లా, పలక ఎవరు ఎత్తారో, ఎవరు దించారో ఇప్పటికీ నాకు తెలియదు. ఎన్నిసార్లు అడిగినా ఎవరూ నేనని చెప్పలేదు. ఊరంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు అదే గుర్తొస్తుంది. మా అమ్మమ్మ ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మీ ప్రయాణానికి ఒక్క సలహా. ఆ దారిలో పిల్లల్ని కాసేపు దింపడానికి ఎక్కడో ఓ పిల్ల కాలువ పక్కన ఆగుతారు. దానికి అడ్డంగా ఓ చెక్క పలక కనిపిస్తుంది. ఆటకైనా సరే, దాన్ని ముట్టుకోనివ్వకండి. అది ఎవరిదో వంతు. చుట్టుపక్కల కాపలా ఎవరూ కనిపించరు. మేమున్నన్నాళ్ళూ అక్కడ కాపలా అవసరం రాలేదు, మన వల్ల రానివ్వద్దు.