కరెంటు చెట్టు, క్షవరం చెట్టు, ఇంకొకటి

మా వైకుంఠరావు తాత డబ్బు జేబులో పెట్టుకోడు. చెట్ల మీద పెట్టుకుంటాడు.

వజ్రపుకొత్తూరుకి అవతల, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఆయన కొబ్బరితోట. మా ఇంటికీ ఆ తోటకీ మధ్య తాటాకుల దడి ఒక్కటే అడ్డం. ఆ తోటలో ప్రతి చెట్టుకీ ఒక ఖర్చు ఉంది. నూతి పక్కది కరెంటు చెట్టు. దాని కాయలమ్మిన డబ్బు కరెంటు బిల్లుకే. దాని వెనకది బియ్యం చెట్టు. ఆ తర్వాత పాల చెట్టు, పేపరు చెట్టు, క్షవరం చెట్టు, చెప్పుల చెట్టు. ఒక చెట్టు డబ్బు ఇంకో చెట్టు ఖర్చుకి వెళ్లడానికి వీల్లేదు. భార్య పోయింది, పిల్లలు లేరు, తన వంట తనే వండుకుంటాడు. ఇదేం లెక్క తాతా అని ఎవరైనా నవ్వితే, "అందరికీ బుర్ర మెడ మీదుంటాది. నాది తోటలో ఉంది" అంటాడు.

మీటరు చూసే ఆయన కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి తెలియక బిల్లు చేతిలో పెట్టాడు. తాత బిల్లు చూడలేదు. తలెత్తి నూతి పక్క చెట్టు వైపు చూశాడు.

"ఇంకా ముదరనేదు బాబూ."

"ఏంటండీ ముదరంది?"

"నీ బిల్లే. పది రోజులాగి రా."

ఆయన వెళ్తూ వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి, "పెద్దాయనకి ఒంట్లో బాగుంటుందా?" అని మా అమ్మని అడిగాడు. "ఒంట్లో బాగుంటాది. మీరే కొంచెం తొందరపడ్డారు" అంది అమ్మ.

తిత్లీ తుఫానుకి మా వైపు తోటలన్నీ నేలకొరిగాయి. తాత తోటలోనూ చాలా పోయాయి. ఫోన్లు మళ్లీ మోగడం మొదలైన రోజు టెక్కలి నుంచి మేనల్లుడు ఢిల్లీబాబు ఫోన్ చేశాడు.

"మావా, ఇల్లెలాగుంది?"

"ఇల్లు బాగుంది. టీవీ పడిపోనాది."

ఢిల్లీబాబుకి టెక్కలిలో సెల్‌ఫోన్ల కొట్టు. మావ టీవీ లేకుండా ఎలా ఉంటాడని కొత్త టీవీ ఒకటి బండికి కట్టుకుని, రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లన్నీ దాటుకుంటూ వచ్చాడు. లోపలికొచ్చి చూస్తే గోడకి టీవీ నిక్షేపంగా ఉంది.

"పడిపోయిందన్నావు కదా మావా?"

"పడిపోనాది. అదిగో" అని వేళ్లతో సహా పెకిలించుకుపోయిన చెట్టుని చూపించాడు తాత. అది టీవీ రీచార్జి చెట్టు. దాని చోట కొత్త మొక్క నాటి, అది కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి టీవీ మీద తువ్వాలు కప్పి ఉంచాడు. ఢిల్లీబాబు తెచ్చిన టీవీని "దీనికీ సెట్టు నేదు" అని అదే బండి మీద వెనక్కి పంపించేశాడు.

మొదట్లో ఇదంతా ముసలాయన సరదా అనుకునేవాళ్లం. మరుపు మొదలయ్యాకే దాని విలువ తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి తోటలోకి వచ్చేసేవాడు. కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతికేవాడు. పలాసలో డాక్టరు దగ్గరికి వెళ్తే, మతిమరుపు వ్యాధి మొదలైందని చెప్పి రోజూ వేసుకోమని ఒక మాత్ర రాశారు.

"దీనికి సెట్టు నేదు బాబూ" అన్నాడు తాత.

డాక్టరు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, ఇంకో మాత్ర కూడా రాశారు.

ఇంటికొచ్చి బాగా ఆలోచించి క్షవరం చెట్టుని మందులకి మార్చాడు. జుట్టు భుజాల దాకా పెరిగింది. మంగలి ఎల్లాజీ ఉండబట్టలేక ఇంటికే వచ్చేశాడు.

"నా మీద కోపమేటి తాతా? ఇటు రావడమే మానీసినావు!"

"నీ మీద కోపం నేదురా. నీ సెట్టు మందులకెల్లిపోనాది. ఆ మూలనున్న మొక్క గెల ఏసిందంటే నీ కొట్టుకే ముందొత్తాను."

ఎల్లాజీ ఆ రోజు నుంచి దారిన పోతూ ఆ మొక్కకి ఒక చెంబెడు నీళ్లు పోసి వెళ్లేవాడు.

తాత రోజూ పొద్దున్నే తోటంతా తిరుగుతాడు. ఒక్కో మాను మీద చెయ్యి వేసి, "కరెంటు. బియ్యం. పాలు" అని పైకి చెప్పుకుంటాడు. కొత్తవాళ్లు చూస్తే పూజ అనుకుంటారు. నేను బడి మధ్యలో మానేసి ఇంట్లో ఉండిపోయినప్పటి నుంచి నన్నూ వెంట రమ్మనేవాడు. నాకు నలుగురిలో నోరు పెగలదు. అదే ఆయనకి నచ్చింది. "నువ్వు మాటాడవు. అందికే నీకన్నీ గుర్తుంటాయి. నాను మర్చిపోతే సెప్పు. సెప్పడమే, సెయ్యకు. డబ్బు నా సేత్తో నానే ఇత్తాను" అనేవాడు.

కాయలు దింపే రోజు మరీ గొడవ. శ్రీను ఎక్కి కాయలు దింపుతాడు, నేను ఏ చెట్టువి ఆ చెట్టు కిందే పోగు పెడతాను. ఒకసారి శ్రీను పక్క చెట్టు గెల కోసి ఇవతల పడేశాడు. తాత నెత్తి పట్టుకున్నాడు.

"ఓరి నాయనో! బియ్యం తీసుకెల్లి కరెంటులో కలిపీసినావేట్రా!"

దారిన పోయే కాయల బేరగాడు సైకిలు దిగి మరీ తోటలోకి తొంగి చూశాడు.

ఇన్ని చెట్లలో ఒక్కటి మాత్రం ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. సముద్రం వైపు గట్టు మీద, తిత్లీకి ఒరిగిపోయి కూడా బతికిన చెట్టు. దింపిన ప్రతిసారీ దాని కింద నిలబడి బుర్ర గోక్కుంటాడు. "ఇది దేనికో మర్చిపోనాను." ఆ పక్కనే కూలికి కాయలు ఒలుస్తూ కాసులమ్మ ఉంటుంది. భర్తకి కిడ్నీల జబ్బు. డయాలసిస్‌కని వారం వారం ఆటోలో పలాస తీసుకెళ్తుంది. ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే ఇచ్చిన చేతిలోనే తిరిగి పెట్టేసే మనిషి.

"ఓలె కాసులమ్మా, ఈ కాయలట్టుకెల్లిపో. ఇక్కడుంటే ఇది దేనికి, ఇది దేనికి అని నా బుర్ర తినేత్తాయి" అంటాడు తాత.

"నీ మతిమరుపు తెచ్చి నా నెత్తినెడతావేటి బావా! ఎప్పుడూ ఇదే తగువు" అని విసుక్కుంటూ, ఆయనకేదో ఉపకారం చేస్తున్నట్టు ఆ కాయలు గోనెలోకి ఎత్తుకునేది.

కిందటేడు తాత మందుల డబ్బు, బియ్యం డబ్బు, చెప్పుల డబ్బు ఒకే సంచిలో వేసుకుని పలాస వెళ్లి, సంచి ఆటోలో వదిలేసి వచ్చాడు. "సంచేదీ తాతా?" అంటే "ఏ సంచి?" అన్నాడు. సాయంత్రానికి గుర్తొచ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న దడి దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు. మా వైపు ఆడపిల్లని 'గుంటా' అనే పిలుస్తారు.

"గుంటా, నా చొక్కాకి లోపల జేబు కుట్టు. సిన్నదే కుట్టు. ఇకనుంచి ఒక్క మాటుకి ఒక్క సెట్టే ఊరెల్తాది. పోతే ఒక్క సెట్టే పోతాది."

కుట్టాను. ఆ తర్వాత ఇంకేదీ పోలేదు. కానీ సంచి సంగతి ఢిల్లీబాబు చెవిన పడింది. పరుగున వచ్చాడు. గుమ్మంలో నిలబడిన మేనల్లుణ్ణి తాత ఆప్యాయంగా చూశాడు. పేరు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"రారా... బట్టల సెట్టూ!"

ప్రతి దసరాకీ ఢిల్లీబాబుకి, అతని భార్యకి బట్టలు కొనే చెట్టు ఒకటుంది. ఆ సంగతి అతనికి తెలియదు. చెట్టని పిలిపించుకున్నందుకు కాదు గానీ, పేరు మర్చిపోయినందుకు పాపం అతని ముఖం వాడిపోయింది.

వారం తిరక్కుండా ఒక గుత్తదారుని వెంటపెట్టుకు వచ్చాడు. తోటంతా ఏడాది గుత్తకి. డబ్బు బ్యాంకులో. బిల్లులన్నీ ఢిల్లీబాబే తన ఫోన్లోంచి కడతాడు.

"నువ్వు హాయిగా కూకో మావా. దేనికీ తడుముకోనక్కర్లేదు."

"కూకుంటే మొత్తం మర్చిపోతాన్రా. ఈ సెట్లు ఆయన సెట్లయిపోతే, రేపు పొద్దున్న లేచి నానెవుడి మీద సెయ్యెయ్యాలి?"

"సంచి ఆటోలో మర్చిపోయావు. నా పేరు గుర్తులేదు. ఇయాళ ఏ వారమో చెప్పు చూద్దాం."

"దానికి సెట్టు నేదు."

"చూశావా!"

తాత పంచె ఎగ్గట్టాడు. "అయితే తోటలోకి నడు. ఒక్కో సెట్టూ అడుగు. ఒక్కటి సెప్పలేపోతే తోట గుత్తకిచ్చీ. అన్నీ సెప్తే మల్లీ గుత్త మాటెత్తకు."

అందరం బయల్దేరాం. ముందు తాత, వెనక ఢిల్లీబాబు, గుత్తదారు, శ్రీను, చేతిలో కత్తితో కాసులమ్మ, అందరికంటే వెనక నేను.

"ఇది?"

"కరెంటు."

"ఇది?"

"బియ్యం."

"ఇది?"

"క్షవరం. కాదు, మందులు. క్షవరం మూలకెల్లింది. ఎల్లాజీనడుగు."

లేత చెట్టు దగ్గర ఆగి, "టీవీ. పోయినేడే కాపుకొచ్చింది" అన్నాడు గర్వంగా. ఇంకో చెట్టు దగ్గర, "ఇది నీ దసరా బట్టలు. మీ ఆవిడ సీరా ఇందులోదే" అన్నాడు. ఢిల్లీబాబు ఆ మానుని కింద నుంచి పైదాకా చూశాడు. తర్వాతి చెట్టు అడగడానికి కొంచెం ఆలస్యమైంది.

ఇంక మిగిలింది గట్టు మీది ఒరిగిన చెట్టే. తాత దాని మీద చెయ్యి వేశాడు. కాసులమ్మ వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"ఇది?"

తాత గొంతు సవరించుకున్నాడు. "ఇది... మర్చిపోనాను."

"బాగా ఆలోచించు మావా. తొందరేం లేదు" అన్నాడు ఢిల్లీబాబు. నిజం చెప్పాలంటే, ఆ క్షణానికి అతను కూడా తాతే గెలవాలని చూస్తున్నాడు.

"మర్చిపోనానని సెప్పినాను కదా. అట్టుకెల్లు తోట."

గుత్తదారు జేబులోంచి పెన్ను తీశాడు. కాసులమ్మ కత్తి కింద పడేసి ముందుకొచ్చింది.

"ఎంత మొండోడివి బావా నువ్వు! తోట ఒగ్గీసుకుంటావు గానీ నోరిప్పవా?" ఢిల్లీబాబు వైపు తిరిగింది. "అది మర్చిపోడం కాదు బాబూ. అది మా ఇంటాయన ఆటో సెట్టు. ఊరికే ఇత్తే నాను పుచ్చుకోనని, మర్చిపోనానని ఏసం ఏత్తన్నాడు."

"నీకెవులు సెప్పినారే?" అని గయ్యిమన్నాడు తాత.

"నువ్వే! పోయిన దింపుకి, మర్చిపోనాను, అట్టుకెల్లిపో అన్నావు. మల్లీ సాయంత్రం మా గుమ్మంలోకొచ్చి, ఆటోకి సరిపోనాయా కాయలు అనడిగినావు. మర్చిపోనానన్న సంగతి నువ్వు మర్చిపోనావు!"

శ్రీను నవ్వాపుకోలేక చెట్టు చాటుకి వెళ్లాడు. గుత్తదారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"మరి తెలిసీ ఎందుకూరుకున్నావు?" అన్నాడు తాత, దొరికిపోయిన పిల్లాడిలా.

"నువ్వంత కట్టపడి మర్చిపోతంటే పాడుసెయ్యడమెందుకని. ఇకనుంచి ఈ సెట్టు కింద కాయలొలిసినందుకు కూలి తీసుకోను. అదీ నెక్క."

ఢిల్లీబాబు గుత్తదారుని బండెక్కించుకుని వెళ్లిపోతూ, "మావా, ఒక్క చెట్టూ తప్పలేదు" అని మాత్రం అన్నాడు.

తాత మాత్రం సంతోషించలేదు. "ఇన్నాల్లూ ఇదొక్కటే సుకంగా మర్చిపోయేవోడిని. ఇప్పుడు దీన్నీ గుర్తెట్టుకోవాలి. నా పాట్లు నీకేటి తెలుసు!" అని కాసులమ్మ మీద సాయంత్రం దాకా సణిగాడు.

తర్వాత దింపు రోజు ఢిల్లీబాబు కూడా వచ్చాడు. ఊరికే చూడ్డానికని చెప్పి కాయలు మోశాడు. అన్ని చెట్లూ అయ్యాక తాత ఒరిగిన చెట్టు కిందికొచ్చి పైకి చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"ఇది దేనికో..."

కాసులమ్మ ఒలవడం ఆపింది. ఢిల్లీబాబు తట్ట దించాడు. వేషమో నిజమో ఆయన ముఖం చూసి పోల్చుకోవడం నా వల్ల కాలేదు. ఇంక లాభం లేదని నోరు తెరిచాను.

"ఆటో చెట్టు తాతా!"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు.

"నాకు తెలీదేటే గుంటా! నీకు గుర్తుందో నేదో సూసినాను" అని తాత దర్జాగా ముందుకు నడిచాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కొచ్చి, ఎవరికీ వినపడకుండా నా చెవి దగ్గర వంగాడు.

"ఏ సెట్టన్నావు?"

నేనూ మెల్లిగానే చెప్పాను.